క్యాన్సరు చికిత్స పిమ్మట మరల ఆస్పత్రిలో చేరుట – స్త్రీపురుష భేదములు

పాఠశాల వార్షిక సంచికయందు పిల్లల పద్యములు, క్రీడా విశేషములు, పరీక్షా ఫలితములు ఉండవలెను గాని, క్యాన్సరును గూర్చిన వ్యాసమేల యని కొందరు తల్లిదండ్రులకు తోచవచ్చును. ఈ సంచిక పిల్లల చేతిలో ఇంటికి వచ్చును; దానిని విప్పి చదువువారు తల్లులు, తండ్రులు, తాతలు, అమ్మమ్మలు. పెద్దవారిలో ఒకరు మంచము పట్టినప్పుడు ముందుగా బడి మానునది ఇంటి పెద్ద కూతురు. ఆస్పత్రి వరండాలో డాక్టరుగారి తమిళమునకును అమ్మమ్మ తెలుగునకును నడుమ నిలుచుండునది పదియేండ్ల బాలుడు. కావున ఇది పాఠశాలకు సంబంధింపని విషయము కాదని మా యభిప్రాయము.

మన పెద్దలు ఈ వ్యాధిని రాచపుండు అనెడివారు. ఆ పేరు వినినంతనే ఆశ వదలుకొను కాలము గడచినది. ముందుగా కనిపెట్టినచో అనేక విధములైన క్యాన్సరులు నేడు నయమగుచున్నవి. శస్త్రచికిత్స, కీమోథెరపీ అను మందుల చికిత్స, మనవారు వాడుకలో ‘కరెంటు పెట్టుట’ యను రేడియేషను – ఈ మూడింటిని ఒకటిగనో కలిపియో చేసి రోగిని ఇంటికి పంపుదురు. ఇంటికి వచ్చుటతో పని ముగిసినదని బంధువులు తలంతురు. నిజమునకు అచ్చటనుండియే క్రొత్త జాగ్రత్త యొకటి ఆరంభమగును.

ఇంటికి పంపిన రోగి అనుకొనని కారణముచేత కొలది దినములలో మరల ఆస్పత్రిలో చేరుట కలదు. వైద్యులు సాధారణముగా 30 దినములను గడువుగా నుంచుకొని దీనిని లెక్కింతురు. రెండవ విడత మందునకై ముందుగా నిర్ణయించిన తేదీన పోయి చేరుట ఈ లెక్కలోనికి రాదు. జ్వరము, ఆగని వాంతులు, గాయము చీము పట్టుట, నెత్తురు పోవుట, ఊపిరి ఆడకుండుట – ఇట్టి వానిచేత తొందరగా పరుగెత్తవలసి వచ్చుటయే ఇచ్చట ప్రధానము. దీనివలన రోగికి బాధ, ఇంటికి ఖర్చు, తరువాతి విడత చికిత్సకు ఆలస్యము. ఆలస్యమువలన వ్యాధి మరల బలపడవచ్చును.

ఇట్లు మరల చేరువారిలో పురుషులు ఎక్కువా, స్త్రీలు ఎక్కువా అను ప్రశ్నకు ఒక్క మాటలో సమాధానము లేదు. కొన్ని చికిత్సల పిమ్మట పురుషులు, మరికొన్నింటి పిమ్మట స్త్రీలు అధికముగా కష్టపడుచున్నారు. దీనికి మూడు కారణములు కనబడుచున్నవి. మొదటిది వ్యాధిలోని భేదము, రెండవది శరీరములోని భేదము, మూడవది ఇంటిలోని భేదము. ఈ మూడవదానిని గూర్చియే మేము విపులముగా వ్రాయ దలచితిమి. ఏలయన, మొదటి రెండును మన చేతిలో లేవు, మూడవది మన చేతిలోనిదే.

వ్యాధిలోని భేదము

స్త్రీలకును పురుషులకును వచ్చు క్యాన్సరులే చాలవరకు వేరు. మన దేశమున పురుషులయందు నోటి క్యాన్సరు, ఊపిరితిత్తుల క్యాన్సరు ముందు వరుసలో నున్నవి. స్త్రీలయందు రొమ్ము క్యాన్సరు, గర్భాశయ ముఖద్వార క్యాన్సరు అట్టివి. 2016-17లో జరిగిన జాతీయ పరిశీలనలో పెద్దవారియందు పురుషులలో నూటికి 42.4 మంది, స్త్రీలలో నూటికి 14.2 మంది ఏదో యొక రూపమున పొగాకు వాడుచున్నట్లు తేలినది. నోటికిని ఊపిరితిత్తులకును వచ్చు క్యాన్సరుకు పొగాకే ముఖ్యకారణము గనుక ఈ అంతరము ఆస్పత్రి మంచములయందును కనబడును.

నోటి క్యాన్సరుకు చేయు శస్త్రచికిత్స పెద్దది. ఒక్కొక్కప్పుడు దవడయెముకలో కొంత తీసివేసి, తొడనుండియో రొమ్మునుండియో కండను తెచ్చి అతుకుదురు. కొన్ని వారములు ముక్కులో గొట్టముద్వారా ఆహారము పోయుదురు. మ్రింగుడు సరిపడక ద్రవము ఊపిరిగొట్టములోనికి జారినచో న్యుమోనియా వచ్చును. ఆ రోగి ఏండ్ల తరబడి పొగత్రాగినవాడైనచో అతని ఊపిరితిత్తులు, గుండె అదివరకే బలహీనముగా నుండును. అందుచేత ఇట్టివారు మరల ఆస్పత్రికి వచ్చుటకు అవకాశ మెక్కువ.

రొమ్ము శస్త్రచికిత్స అట్టిది కాదు. కత్తి కడుపులోనికి గాని రొమ్ముగూటి లోపలికి గాని పోదు. రోగి మరునాడే కూర్చుండి భోజనము చేయగలదు. కొలది దినములలో ఇంటికి వచ్చును. పెద్ద శస్త్రచికిత్సలలో ఒకటియైన మూత్రాశయమును తొలగించుటను దీనితో పోల్చి చూచినచో భేదము తెలియును: అమెరికాలో అట్టి రోగులలో సుమారు నలుగురిలో ఒకరు 30 దినములలోపున మరల ఆస్పత్రిలో చేరుచున్నారు. మూత్రాశయ క్యాన్సరు పురుషులయందే ఎక్కువ. కావున అన్ని క్యాన్సరులను కలిపి లెక్కించినప్పుడు పురుషులే ఎక్కువగా మరల చేరినట్లు కనబడినను, అందు కొంత భాగము వారికి వచ్చిన వ్యాధుల వలననే యని గ్రహింపవలెను.

గర్భాశయ ముఖద్వార క్యాన్సరు విషయము మరియొక విధము. వ్యాధి కొంత ముదిరినవారికి ప్రధానముగా రేడియేషను ఇత్తురు. మొదటి 30 దినములలో పెద్ద చిక్కు లేకుండ గడచిపోవచ్చును. కాని కొందరికి కొన్ని నెలలకో, ఏడాది రెండేండ్లకో మలద్వారమునుండి గాని మూత్రముతో గాని నెత్తురు పోవుట మొదలగును. కిరణములు తగిలిన ప్రేగు, మూత్రాశయము పుండుపడుటయే దీనికి తరచు కారణము. ఇది 30 దినముల లెక్కకు అందదు. ఆ తల్లి మాత్రము వ్యాధి తిరుగబెట్టినదని లోలోపల భయపడి ఎవరికిని చెప్పక దాచుకొనును. అది వ్యాధియో చికిత్స ఫలమో పరీక్ష చేసినగాని తెలియదు. చికిత్స ఫలమైనచో దానికిని వైద్యము కలదు. ఈ సంగతి ప్రతి ఇంటిలోను తెలియవలసి యున్నది.

2015 మొదలు 2019 వరకు మన దేశమున 43 క్యాన్సరు రిజిస్ట్రీలు సేకరించిన వివరములలో క్రొత్తగా వ్యాధి వచ్చినవారిలో స్త్రీలు నూటికి 51.1, మరణించినవారిలో 45. వ్యాధిగ్రస్తులలో సగమునకు మించియుండియు మరణములలో సగమునకు లోబడియుండుటకు ముఖ్యకారణము, స్త్రీలకు తరచుగా వచ్చు క్యాన్సరులు కొన్ని కొంత సులభముగా కనిపెట్టదగినవియు, నయమగునవియు అయి యుండుటయే. నయమగు అవకాశము కలదు గనుకనే, చికిత్స నడుమ ఆగిపోవుట స్త్రీలయెడ మరింత పెద్ద నష్టము.

శరీరములోని భేదము

ఒకే వ్యాధి, ఒకే చికిత్స యైనను స్త్రీపురుషుల దేహములు ఒకే రీతిగా స్వీకరింపవు. పెద్దప్రేగు చివర, మలాశయమున వచ్చు క్యాన్సరును తీసివేసి ప్రేగుల కొనలను కలిపి కుట్టుదురు. పురుషుల కటి యెముకల గూడు ఇరుకైనది. శస్త్రవైద్యునికి అందు చేయి ఆడుట కష్టము. ఆ కుట్టు వదలి లోపల కారుట పురుషులయందే ఎక్కువయని అనేక పరిశీలనలు నిరూపించినవి. అట్లు జరిగినచో జ్వరము, కడుపునొప్పి వచ్చి రోగి వెంటనే మరల ఆస్పత్రికి చేరవలసి యుండును. ఊపిరితిత్తుల శస్త్రచికిత్సల పిమ్మటను పురుషులకే ఉపద్రవము లెక్కువ.

మందుల చికిత్సలో పాత్రలు తారుమారగును. అమెరికాలో 1980 మొదలు 2019 వరకు జరిగిన 202 చికిత్సా పరిశోధనలలోని 23,296 మంది రోగుల వివరములను కలిపి చూచి 2022లో ఒక నివేదిక ప్రకటించిరి. తీవ్రమైన దుష్ఫలితములు కలుగు అవకాశము పురుషులకంటె స్త్రీలకు 34 శాతము ఎక్కువ యని అందు తేలినది. దేహరక్షక శక్తిని మేలుకొలుపు ఇమ్యునోథెరపీ యను క్రొత్త మందులయందు ఈ అంతరము 49 శాతము. స్త్రీలు చిన్న బాధను పెద్దగా చెప్పుదురు గనుక ఇట్లు కనబడినదని ఎవరైన అనవచ్చును. కాని రోగి నోటిమాటతో పని లేని రక్తపరీక్షలయందును స్త్రీలకే కీమోథెరపీ, ఇమ్యునోథెరపీ పిమ్మట తీవ్రమైన మార్పులు అధికముగా కనబడినవి. రక్తపరీక్ష మొగమాటముచేత ఎక్కువ తక్కువలు చెప్పదు గదా.

దీనికి కారణములు కొన్ని తెలిసినవే. కీమోథెరపీ మందుల మోతాదును చాలవరకు రోగి ఎత్తు, బరువులను బట్టి లెక్కకట్టిన దేహ వైశాల్యముతో నిర్ణయింతురు. ఈ లెక్కకు ఆధారమైన ప్రసిద్ధ సూత్రము 1916లో కేవలము 9 మందిని కొలిచి కట్టినది. దేహమున కొవ్వు, కండ ఏ పాళ్ళలో ఉన్నవో, కాలేయము మందును ఎంత వేగముగా విరుచునో ఈ సూత్రమునకు పట్టదు. క్యాన్సరుకు విరివిగా వాడు ఫ్లోరోయురసిల్ అను మందు స్త్రీల దేహమునుండి మెల్లగా తొలగిపోవును. అనగా అది వారి రక్తమున ఎక్కువ సేపు నిలుచును. మందు వలని వాంతులును స్త్రీలకే ఎక్కువ. గర్భిణిగా నున్నప్పుడు వేవిళ్ళతో మిక్కిలి బాధపడినవారికి మరింత ఎక్కువ. ఈ సంగతిని డాక్టరుగారికి ముందే చెప్పినచో వాంతుల మందును తదనుగుణముగా ఇత్తురు.

మన దేశమునకు సంబంధించిన మరియొక కారణము రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలనలో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నట్లు కనుగొనిరి. అదే వయస్సు పురుషులలో నూటికి 25 మందికి. ఇదివరకే నెత్తురు తక్కువైన దేహము మీద కీమోథెరపీ పడినచో ఆయాసము, నీరసము త్వరగా వచ్చును. నెత్తురు ఎక్కించుటకై మరల ఆస్పత్రికి పోవలసివచ్చును. ఇంటిలో అందరికి వడ్డించి మిగిలినది తిను అలవాటు ఈ విధముగా వృద్ధాప్యమువరకు వెంటాడును.

ఇంటిలోని భేదము

ఇక మూడవది. పురుషుడు చికిత్స పొంది వచ్చినప్పుడు అతనికి మంచము, వేళకు గంజి, ప్రక్కన ఒక మనిషి సిద్ధముగా నుండుట మన యిండ్లలో సహజము. స్త్రీ వచ్చినప్పుడు ఆ మంచము మీద ఆమె ఎన్ని దినములు నిలువగలదు? 2024లో మన కేంద్రప్రభుత్వము జరిపిన కాల వినియోగ పరిశీలన ప్రకారము, ఇంటిపని చేయు స్త్రీలు దినమునకు సుమారు 289 నిమిషములు ఆ పనిలో గడపుచున్నారు. ఇంటిపనిలో పాల్గొను పురుషులు 88 నిమిషములు. ఆరోగ్యవంతులకు వర్తించు ఈ లెక్క రోగి విషయమున మారవలెను. అనేక గృహములయందు అది పది దినములు మాత్రమే మారును. పదునొకండవ దినమున ఆమె నీళ్ళబిందె ఎత్తును. రొమ్ము శస్త్రచికిత్సతో చంకలోని గ్రంథులు తీసినచో ఆ చేతికి వాపు వచ్చుట కలదు. కత్తిగాటు, పొయ్యి సెగ వలన చిన్న పుండు పడినను అది చీముపట్టి జ్వరము వచ్చును. ఆ జ్వరమే ఆమెను మరల ఆస్పత్రికి తీసికొనిపోవును.

తోడుండువారి విలువను తెలుపు లెక్కలు విదేశములలో కలవు. అమెరికాలో 7,34,889 మంది క్యాన్సరు రోగులను పరిశీలించి 2013లో ప్రకటించిన వ్యాసమున, వివాహితులు అవివాహితులకంటె ముందుగా వ్యాధిని కనిపెట్టుకొనుచున్నారనియు, పూర్తి చికిత్స పొందుచున్నారనియు, వ్యాధిచేత మరణించు అవకాశము వారికి తక్కువ యనియు తేలినది. ఆ తగ్గుదల పురుషులకు 23 శాతము, స్త్రీలకు 16 శాతము. అనగా వివాహము వలని రక్షణ ఇరువురికిని కలదు గాని, భార్య వలన భర్తకు కలుగు మేలు కొంత పెద్దది. 2009లో అచ్చటిదే మరియొక పరిశీలన మెదడు కణితి మున్నగు తీవ్ర వ్యాధులుగల 515 మందిని గూర్చినది. రోగి స్త్రీ యైనచో నూటికి 20.8 దంపతులు విడిపోయిరి, పురుషుడైనచో 2.9 మాత్రమే. ఆ దేశపు ఆచారములు వేరు, మన ఆచారములు వేరు. అయినను రోగశయ్య ప్రక్కన కూర్చుండు విద్య పురుషులు కొంత నేర్వవలసి యున్నదని అందరము అంగీకరింతుము.

పురుషులకు అన్యాయము చేయరాదు గనుక ఒక మాట. భార్యాపిల్లలను ఊరిలో విడిచి పనికై నగరమున గదిలో నుండు పురుషుడు స్త్రీకంటె నిస్సహాయుడు. జ్వరము వచ్చినను చెప్పక, మాత్రలు మ్రింగి పనికి పోవు అలవాటు వారిలో హెచ్చు. నోటిగాయము మానకముందే మరల పొగాకు ముట్టువారును కలరు. వారికి కావలసినది ధైర్యము కాదు, మందలించి తీసికొనిపోవు ఒక బంధువు.

లెక్కకు రానివారు

ఇచ్చట ఒక సూక్ష్మమును గమనింపవలెను. మరల చేరినవారి సంఖ్య తక్కువగా నున్నంతమాత్రమున ఆరోగ్యము బాగున్నదని అర్థము కాదు. ఆస్పత్రి పుస్తకములో వచ్చినవారి పేరే వ్రాయుదురు. రావలసియుండియు రానివారి పేరు ఏ పుస్తకమునను ఉండదు. జ్వరముతో ఇంటిలోనే పడియుండి ప్రాణము విడిచిన స్త్రీ, ఆస్పత్రి లెక్కలో ‘మరల చేరలేదు’ అను మంచి గడిలోనే మిగిలిపోవును.

ఇది ఊహ కాదు. 2016లో ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ బయటి రోగుల విభాగమునకు వచ్చిన సుమారు 23 లక్షల 77 వేల మంది వివరములను పరిశీలించి, 2019లో ఫలితములు ప్రకటించిరి. జనాభా నిష్పత్తిని బట్టి రావలసిన స్త్రీలలో 4,02,722 మంది రాలేదని లెక్క తేలినది. ఢిల్లీ వాసులలో ఒక స్త్రీకి 1.41 పురుషులు వచ్చిరి. దూరమున నున్న బీహారునుండి వచ్చినవారిలో ఒక స్త్రీకి 2.37 పురుషులు. దూరము పెరిగినకొలది స్త్రీ ఇంటిలో ఆగిపోయినది. రైలు ఛార్జీ, తోడు వచ్చు మనిషి, పోయిన దినకూలి – ఈ మూడింటిని తూచి ‘ఇప్పుడేల’ యని నిర్ణయించునది సాధారణముగా ఆమె కాదు, ఒక్కొక్కప్పుడు ఆమెయే.

పిల్లల విషయమునను ఈ తక్కెడ సమానముగా లేదు. ఢిల్లీ, మద్రాసు రిజిస్ట్రీలలో నమోదైన క్యాన్సరుగల పిల్లల వివరములను 2023లో ప్రకటించిరి. ఢిల్లీలో బాలికలకు రెట్టింపు సంఖ్యలో బాలురు కనబడిరి. మద్రాసులో ఆ తేడా తక్కువ, అయినను లేకపోలేదు. కొన్ని క్యాన్సరులు స్వభావముచేతనే బాలురకు కొంత ఎక్కువగా వచ్చును గాని, రెట్టింపునకు అది చాలిన కారణము కాదు. దక్షిణదేశమున మనము కొంత మేలుగా నున్నామని సంతోషింపవచ్చును. ఆ సంతోషముతో ఆగిపోరాదు.

భాష వలని చిక్కు

తెలుగుదేశము వెలుపల తరతరములుగా స్థిరపడిన మనవంటివారికి పైవాటికి తోడు మరియొక చిక్కు కలదు. చెన్నపట్టణమున తమిళము, బెంగుళూరున కన్నడము, షోలాపూరున మరాఠీ, బరంపురమున ఒడియా – ఆస్పత్రి భాష మన యింటిభాష కాదు. బజారుకు పోయివచ్చు పురుషులకు ఆ భాషలు బాగుగా వచ్చును. ఇంటిలోనే ఉండిపోయిన వృద్ధస్త్రీలకు బేరసారములకు చాలినంతయే వచ్చును. డిశ్చార్జి కాగితము ఇంగ్లీషులో నుండును. దానిని చదువగలది మన పాఠశాలలో చదువు పిల్లవాడు.

పిల్లవానిని దుబాసిగా నిలుపుట ఎంత చిక్కైన పనియో ఆలోచింపుడు. అమ్మమ్మ సలుపు అనును, పోటు అనును, మంట అనును, గుంజుచున్నదనును. ఇవి వేర్వేరు బాధలు. వేర్వేరు కారణములను సూచించును. తమిళమునను వీనికి వేర్వేరు మాటలు కలవు. కాని బాలుని నోట ఇవి యన్నియు ‘వలి’ అను ఒక్క మాటయై డాక్టరుగారి చెవిని పడును. ఇక తనకు నెత్తురు పోవుచున్నదని ఆ తల్లి మనుమని ఎదుట చెప్పునా? చెప్పదు. కిరణ చికిత్స వలన పుండుపడిన సంగతి ఆ విధముగా ఆరు నెలలు దాగియుండును. అంతేకాక, వ్యాధి పేరును మొట్టమొదట విని దానిని తల్లికి తన నోటనే చెప్పవలసిన భారము ఒక పిల్లవాని మీద పెట్టుట న్యాయము కాదు.

భాష సరిపడినచో ఫలమెట్లుండునో సాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక ఆస్పత్రి నిరూపించినది. ఇంగ్లీషు రాని పెద్దవయస్సు రోగుల మంచముల ప్రక్కన దుబాసితో మాటాడుటకు టెలిఫోనులు పెట్టిరి. అంతకు ముందు అట్టి రోగులలో నూటికి 17.8 మంది 30 దినములలో మరల చేరుచుండిరి. టెలిఫోనులు ఉన్న కాలమున ఆ సంఖ్య 13.4కు దిగినది. ఈ వివరములు 2017లో ప్రకటింపబడినవి. అచ్చట క్రొత్త మందు ఏదియు ఇయ్యలేదు. రోగికి చెప్పినది అర్థమగునట్లు చేసిరి, అంతియే.

బాధను వెంటనే తెలుపుట వలని మేలును గూర్చి న్యూయార్కులో 766 మంది రోగులతో జరిగిన పరిశోధన కలదు. కీమోథెరపీ పొందుచున్నవారిలో కొందరు తమ బాధలను ఇంటినుండియే క్రమముగా కంప్యూటరుద్వారా తెలుపుచుండిరి. తీవ్రమైనది కనబడినచో నర్సు వెంటనే పలుకరించెడిది. ఏడాదిలో అత్యవసర విభాగమునకు పరుగెత్తినవారు వారిలో నూటికి 34, మిగిలినవారిలో 41. బాధను తెలిపినవారు సగటున 5 నెలలు ఎక్కువకాలము జీవించిరి. ‘ఓర్చుకొనుట’ మన స్త్రీల సద్గుణమని పొగడు అలవాటు మనకు కలదు. ఈ వ్యాధియందు ఓర్పు సద్గుణము కాదు.

ఇంటివారు చేయదగినవి

ఆస్పత్రినుండి బయలుదేరుటకు ముందు ఐదు ప్రశ్నలు అడిగి, సమాధానములను తెలుగులోనే ఒక కాగితము మీద వ్రాసికొనుడు. ఏ మందు ఏ వేళకు? ఏ బాధ వచ్చినచో వెంటనే రావలెను? రాత్రివేళ ఏ నంబరుకు టెలిఫోను చేయవలెను? ఏ పనులు ఎన్ని దినములు చేయరాదు? మరల చూపించు తేదీ ఏది? ఈ కాగితమును వంటయింటి గోడకు అంటింపుడు. బీరువాలోని ఫైలు అర్ధరాత్రి చేతికి అందదు.

కీమోథెరపీ ఇచ్చిన పిమ్మట ఏడవ దినము మొదలు పదునాలుగవ దినమువరకు రక్తమున తెల్లకణములు బాగుగా తగ్గియుండును. ఆ దినములలో జ్వరము సామాన్య జ్వరము కాదు. ఇంటిలో థర్మామీటరు ఒకటి తప్పక ఉండవలెను. 100.4 డిగ్రీలు గాని, వణకుతో కూడిన చలి గాని కనబడినచో ‘తెల్లవారనిండు’ అనక అదే గంటలో ఆస్పత్రికి పోవలెను. జ్వరపు మాత్ర వేసి వేడి దించి నిదురపుచ్చుట ప్రాణాపాయకరము. వేడి దిగును, లోపలి సూక్ష్మజీవులు దిగవు.

ఒక దినము నీళ్ళు సహితము నిలువనంత వాంతులు, ఆగని విరేచనములు, గాయము ఎఱ్ఱబడి చీము కారుట, ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెట్టుట, హఠాత్తుగా ఆయాసము, ఏ ద్వారమునుండియైన నెత్తురు, ఆహారపు గొట్టము ఊడుట లేక మూసికొనుట, మూత్రము రాకుండుట, నడుమునొప్పితో కాళ్ళు పట్టుదప్పుట – వీనిలో ఏది కనబడినను వేచియుండరాదు. ఇట్టి సమయమున మరల ఆస్పత్రిలో చేరుట అపజయము కాదు. సకాలమున చేరుట ప్రాణరక్షణము.

రోగి స్త్రీ యైనచో ఆమె ప్రక్కకు ఆస్పత్రి భాష తెలిసిన పెద్దవయస్సు స్త్రీ యొకరు పోవుట మంచిది. కూతురు, కోడలు, పొరుగింటి ఆమె – ఎవరైనను సరియే; బడి పిల్లలు మాత్రము కారాదు. ఇంటిపనిని ముందే పంచుకొని, ఎవరు నీళ్ళు పట్టుదురో ఎవరు వండుదురో నిర్ణయింపుడు. క్యాన్సరు రోగులకును వారికి తోడుపోవువారికిని రైలు ఛార్జీలో రాయితీ కలదు. చికిత్స చేయు ఆస్పత్రినుండి అందుకై ధ్రువపత్రము పొందవచ్చును.

మన చెన్నపట్టణమున అడయారులోని క్యాన్సరు ఇన్‌స్టిట్యూటు 1954లో 12 మంచములతో ఆరంభమైనది. దానికి మూలపురుషు లనదగినవారు ఒక స్త్రీ – 1912లో వైద్యపట్టము పొంది, 1927లో మద్రాసు శాసనమండలిలో ప్రవేశించిన డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డిగారు. తన చెల్లెలు ఈ వ్యాధిచేత బాధపడి మరణించుటను కన్నులార చూచినందువలన ఆమెకు ఆ సంకల్పము కలిగినది. నాడు రోగి పోవుటకు చోటు లేకుండెను. నేడు చోటు కలదు, మందు కలదు, వైద్యులు కలరు. పోవలసిన వేళకు పోవుట, పంపవలసిన వేళకు పంపుట మన పని.

తల్లులు పాఠశాల సమావేశములకు వచ్చినప్పుడు, ఏ ఇంటిలో ఎవరు చికిత్సలో నున్నారో ఒకరినొకరు అడిగి తెలిసికొనవలెనని మా మనవి. ఆ ఇంటి పిల్ల రెండు దినములు బడికి రానిచో కారణము విచారింపవలెను. కాగితము చదివిపెట్టుటకు, ఆస్పత్రికి తోడు పోవుటకు, నాలుగు దినములు కూర వండి పంపుటకు మనలో మనుష్యులకు కొదవ లేదు. ఇన్ని తరములు పరాయి భాషల నడుమ మన మాటను నిలుపుకొన్నవారము. ఆ మాట తెలిసిన మనిషి ఆస్పత్రిలో ఒంటరిగా ఉండకుండ చూచుటయు మన బాధ్యతయే.